సహాయపు దొర ఎవరికి జవాబు చెప్పాలి? బ్రిటన్ విదేశీ సహాయ చట్టాల చరిత్రపై కొన్ని ఆలోచనలు

విదేశీ సహాయం గురించి మన ఉద్యమాల్లో జరిగిన చర్చంతా డబ్బు చుట్టూనే తిరిగింది. ఎంత వచ్చింది, ఎవరికి చేరింది, మధ్యలో ఎవరు తిన్నారు, ఏ సంస్థ ఎవరి ఫండింగుతో నడుస్తోంది - ఇవే ప్రశ్నలు. అవసరమైన ప్రశ్నలే, కాదనం. కానీ ఆ డబ్బు వెంట ఒక ఉద్యోగి కూడా వస్తాడు. అతను ఏ చట్టం కింద పనిచేస్తాడు? అతని సంతకంతో ఒక ఊరు, ఒక ఫ్యాక్టరీ, ఒక కులం బతుకు తారుమారైతే అతన్ని నిలదీసే హక్కు ఎవరికుంది? దీని మీద మన దగ్గర రాత తక్కువ. మేం ఇక్కడ బ్రిటన్‌ను తీసుకుంటున్నాం. కారణం ఒకటే. ఒకప్పటి మన పాలకుల దేశం అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సంస్కరణల కాలంలో వాళ్ళ సహాయ శాఖ సచివాలయం దాకా వచ్చి కూర్చుంది కూడా.

బ్రిటన్‌లో 'సహాయం' అనే మాట చట్టంలోకి దయతో రాలేదు. 1929లో చేసిన కలోనియల్ డెవలప్‌మెంట్ యాక్ట్ ఏడాదికి 10 లక్షల పౌన్లకు మించకుండా వలసల్లో ఖర్చు పెట్టొచ్చన్నది. ఎందుకు? వలసల్లో వ్యవసాయాన్నీ పరిశ్రమలనూ పెంచి, తద్వారా బ్రిటన్ వాణిజ్యాన్నీ పరిశ్రమనూ పెంచడానికి. ఇది మా వ్యాఖ్యానం కాదు, చట్టంలో రాసుకున్న ఉద్దేశమే. అక్కడ నిరుద్యోగం ముదిరిన రోజులవి. ఆఫ్రికాలో రైలు పట్టాలు వేస్తే ఇంగ్లండులో ఉక్కు అమ్ముడుపోతుంది, అదీ లెక్క. ఇండియా కలోనియల్ ఆఫీసు కింద లేదు కాబట్టి ఈ డబ్బుతో మనకు సంబంధం లేదు.

1940లో చట్టం మారింది. మారింది లండన్‌లో ఎవరికో జ్ఞానోదయమై కాదు. 1930లలో కరీబియన్ దీవులు భగ్గుమన్నాయి. 1937లో ట్రినిడాడ్ చమురు కార్మికులు, 1938లో జమైకా చెరకు కూలీలు సమ్మె కట్టారు, కాల్పులు జరిగాయి. ఆ కూలీలు ఎవరు? బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల సంతానం. ట్రినిడాడ్, బ్రిటిష్ గయానాల్లో అయితే కలకత్తా, మద్రాసు రేవుల నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్ళినవాళ్ళ పిల్లలు కూడా. విచారణకు వెళ్ళిన మోయిన్ కమిషన్ రాసిన నివేదిక ఎంత ఘాటుగా ఉందంటే, యుద్ధం ముగిసే 1945 దాకా దాన్ని పూర్తిగా బయటపెట్టలేదు. కానీ 1940లోనే కలోనియల్ డెవలప్‌మెంట్ అండ్ వెల్ఫేర్ యాక్ట్ వచ్చింది. ఏడాదికి 50 లక్షల పౌన్లు, పరిశోధనకు మరో 5 లక్షలు. అంతకంటే ముఖ్యమైన సంగతి, డబ్బిచ్చే ముందు ఆ వలసలో ట్రేడ్ యూనియన్లు పెట్టుకోడానికి తగిన చట్టాలున్నాయని మంత్రి చూసుకోవాలన్న షరతు. ఈ మొత్తం చరిత్రలో కూలి మనిషి పేరు చెప్పి అధికారి చేతులు కట్టిన నిబంధనలు మాకు వేళ్ళ మీదే కనిపించాయి, వాటిలో ఇది మొదటిది. అది సమ్మెల వల్ల వచ్చింది.

అధికారి సంగతికొద్దాం. వలస ఉద్యోగాల్లోకి ఎవరు రావచ్చో నిబంధనలే చెప్పేవి. 1902లో ఏర్పడిన వెస్ట్ ఆఫ్రికన్ మెడికల్ స్టాఫ్‌లో చేరాలంటే అభ్యర్థి ఐరోపా తల్లిదండ్రులకు పుట్టినవాడై ఉండాలి. అప్పటికే లండన్, ఎడిన్‌బరోల్లో చదివి డాక్టర్లయిన ఆఫ్రికన్లున్నారు. వాళ్ళ చదువు పనికిరాలేదు, పుట్టుక అడ్డమొచ్చింది. పుట్టుకే అర్హత కావడమంటే ఏమిటో ఈ పత్రిక పాఠకులకు మేం వివరించనక్కర్లేదు. 1930 తర్వాత ఒక్కో వలసకు విడివిడిగా ఉన్న ఉద్యోగాలను ఒకే కలోనియల్ సర్వీసుగా కలుపుకొచ్చారు. పరీక్ష లేదు, ఇంటర్వ్యూ, సిఫారసు ఉత్తరాలు, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి పరిచయాలు.

యుద్ధం తర్వాత ఒక్కొక్క దేశం విడిపోతుంటే ఈ ఉద్యోగుల గతేమిటన్నది పెద్ద ప్రశ్న అయింది. చట్టాల్లో అసలు మార్పంతా ఇక్కడే ఉంది, అందుకే కొంచెం ఆగి చూద్దాం. 1954లో కలోనియల్ సర్వీసు పేరు మార్చి హర్ మెజెస్టీస్ ఓవర్సీస్ సివిల్ సర్వీస్ అన్నారు. 1958లో ఓవర్సీస్ సర్వీస్ యాక్ట్ తెచ్చారు, తమ ఉద్యోగులను ఇతర ప్రభుత్వాల పనికి పంపడానికి దారి వేశారు. 1961 చట్టంతో ఓవర్సీస్ సర్వీస్ ఎయిడ్ స్కీమ్ మొదలైంది. ఆ పద్ధతి ఇలా నడిచేది. ఆఫీసరు కొత్తగా స్వతంత్రమైన ప్రభుత్వం కింద ఉద్యోగి. మూల జీతం ఆ ప్రభుత్వమే, అక్కడి స్కేలు ప్రకారం ఇస్తుంది. దాని మీద అదనపు భత్యం, ఓడ ఛార్జీలు, పిల్లల చదువు ఖర్చు బ్రిటన్ ఇస్తుంది. నిన్నటి కలెక్టరు దొర ఇవాళ అదే కుర్చీలో, అదే బంగళాలో, 'సహాయం' పద్దు కింద కూర్చున్నాడన్నమాట!

దీనికి ఒక వింత జోడింపు ఉంది. స్వాతంత్ర్యం రావడంతో తమ భవిష్యత్తు దెబ్బతిన్నదని ఈ ఉద్యోగులకు నష్టపరిహారం ఇవ్వాలన్నారు. ఆ పరిహారంలో సగం బ్రిటన్ భరిస్తుంది, మిగతా సగం కొత్త దేశం భరించాలి. పాలించిన పాపానికి పరిహారం పాలకుడికే! పెన్షన్లూ అంతే. పాత పెన్షన్ల భారాన్ని బ్రిటన్ తన నెత్తిన వేసుకోవడానికి 1973లో ఓవర్సీస్ పెన్షన్స్ యాక్ట్ దాకా ఆగాల్సి వచ్చింది. మన దేశమైతే 1948లోనే, యుద్ధకాలంలో లండన్‌లో పోగుపడిన మన స్టెర్లింగ్ నిల్వల నుంచి, వెళ్ళిపోయిన దొరల పెన్షన్లకు పెద్ద మొత్తం ముందే కట్టేసింది. అదే సంవత్సరాల్లో మన వెలివాడల్లో బావి తవ్వమంటే ఖజానా ఖాళీ అనేవాళ్ళు.

అయినా 1961 ఏర్పాటులో ఒక సంగతి ఒప్పుకోవాలి. కాగితం మీద ఆ ఉద్యోగి సహాయం తీసుకునే దేశపు ప్రభుత్వానికి ఉద్యోగి. వాళ్ళు తీసెయ్యొచ్చు, బదిలీ చెయ్యొచ్చు, సంజాయిషీ అడగొచ్చు. భత్యం తాళం లండన్ చేతిలో ఉన్నా, చట్టం దృష్టిలో యజమాని నైరోబీలోనో దార్ ఎస్ సలామ్‌లోనో ఉన్నాడు. తొంభై ఏళ్ళ పైబడిన ఈ చరిత్రలో సహాయ ఉద్యోగి చట్టప్రకారం అవతలి పక్షానికి ఇంత దగ్గరగా వచ్చిన కాలం ఇదొక్కటే. తర్వాతివన్నీ వెనక్కి వెళ్ళిన అడుగులు. క్రమంగా ఈ రకం ఉద్యోగులు తగ్గి, నేరుగా బ్రిటిష్ శాఖే జీతమిచ్చి పంపే సాంకేతిక సహకార ఆఫీసర్లు వచ్చారు. వాళ్ళ తర్వాత కన్సల్టెంట్లు వచ్చారు. వాళ్ళ కథ చివర్లో మన హైదరాబాదులోనే తేలుతుంది.

శాఖల మార్పిడి గురించి ఎక్కువ చెప్పం. 1964లో బార్బరా కాజిల్ మంత్రిగా విడి శాఖ, 1970లో విదేశాంగ శాఖలో విలీనం, 1974లో మళ్ళీ విడి, 1979లో థాచర్ రాగానే మళ్ళీ విలీనం. లేబర్ వస్తే వేరు కాపురం, కన్సర్వేటివ్‌లు వస్తే ఉమ్మడి కాపురం. 2020 దాకా ఇదే తంతు.

1980లో వచ్చిన ఓవర్సీస్ డెవలప్‌మెంట్ అండ్ కోఆపరేషన్ యాక్ట్ మొదటి సెక్షను ముఖ్యమైనది. ఒక దేశపు అభివృద్ధిని పెంచడానికో, ఆర్థిక వ్యవస్థను నిలబెట్టడానికో, అక్కడి ప్రజల సంక్షేమానికో మంత్రి సహాయం చేయవచ్చంది. మాటలు బాగానే ఉన్నాయి. ఆచరణ చూడండి. 1980ల్లో ఇదే సహాయ పద్దులోంచి 6.5 కోట్ల పౌన్లతో మన దేశానికి 21 వెస్ట్‌లాండ్ హెలికాప్టర్లు అంటగట్టారు. కంపెనీ దివాలా అంచున ఉంది, దాన్ని నిలబెట్టాలి. రెండు కూలి మనుషులు చచ్చిపోయాక 1991లో మిగిలినవి షెడ్డుకెక్కాయి. భారతదేశంలోని పేదల పేరున రాసిన పద్దు అది. ఇంకోవైపు 1980ల నడుమ నుంచి ఇదే శాఖ డబ్బుతో మన రాష్ట్రంలో ప్రాథమిక విద్యా పథకం నడిచింది, పాఠశాల గదులు కట్టారు, టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆ గదుల్లో మన పిల్లలూ కూచున్నారు. ఒకే చట్టం, ఒకే సెక్షను. రెండూ దాని కిందే చట్టబద్ధం. గదులు కట్టాలా హెలికాప్టర్లు కొనాలా అన్నది మంత్రి ఇష్టం.

ఆ ఇష్టానికి ఒకసారి కోర్టు అడ్డుపడింది. మలేసియాలో కెలంటన్ రాష్ట్రంలో పెర్గావ్ నది మీద జలవిద్యుత్ ప్రాజెక్టుకు 23.4 కోట్ల పౌన్ల సహాయం. దాని వెనక 1988లో కుదిరిన వంద కోట్ల పౌన్ల ఆయుధాల బేరం నీడ ఉంది. సహాయ శాఖ అగ్ర ఉద్యోగి టిమ్ లాంకెస్టర్, ఇది గిట్టుబాటు కాని ప్రాజెక్టు, నేను సంతకం పెట్టను అన్నాడు. అతనికా ధైర్యం ఎక్కడిది? గ్లాడ్‌స్టన్ కాలంలో, 1866లో వచ్చిన ఖజానా, ఆడిట్ చట్టంతో ఎదిగిన ఒక ఆనవాయితీ నుంచి వచ్చింది. శాఖలో అగ్ర ఉద్యోగే అకౌంటింగ్ ఆఫీసర్, ప్రతి పౌనుకూ పార్లమెంటు ముందు వ్యక్తిగతంగా జవాబు చెప్పాలి. మంత్రి మాట అతనికి తప్పుగా తోస్తే రాతపూర్వక ఆదేశం అడగొచ్చు. 1991లో లాంకెస్టర్ అడిగాడు, విదేశాంగ మంత్రి డగ్లస్ హర్డ్ రాసిచ్చాడు. ఆ కాగితం ఆడిటర్ల చేతికి వెళ్ళింది, 1993లో బయటపడింది. వరల్డ్ డెవలప్‌మెంట్ మూవ్‌మెంట్ అనే బ్రిటిష్ సంస్థ కోర్టుకెళ్ళింది. 1994 నవంబరులో హైకోర్టు ఆ సహాయం చట్టవిరుద్ధమని తేల్చింది.

మన దగ్గర ఫైళ్ళ మీద సంతకాలు పెట్టే ఐఏఎస్‌లను చూసిన కళ్ళకు లాంకెస్టర్ మెచ్చుకోదగ్గవాడే. కానీ మేం రెండు సంగతులు గమనించాం. అతని అభ్యంతరం బ్రిటిష్ పన్నుదారుడి సొమ్ము గురించి. కెలంటన్ మనుషుల గురించి కాదు. కోర్టులో వాది లండన్ సంస్థ, కెలంటన్ మనిషి ఒక్కడూ వాది కాడు. పోనీ తీర్పుతో ప్రాజెక్టు ఆగిందా అంటే అదీ లేదు. సహాయ పద్దు కాకుండా వేరే పద్దులోంచి డబ్బు తీసి పూర్తి చేశారు. చట్టం కాపాడింది పద్దు పేరును!

1997లో లేబర్ వచ్చింది, క్లేర్ షార్ట్ మంత్రిగా డిఎఫ్‌ఐడి పుట్టింది. అమ్మకాలకు ముడిపెట్టిన సహాయాన్ని 2001లో ఆపేశారు. 2002 ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్ యాక్ట్ వచ్చింది. పేదరికం తగ్గడానికి తోడ్పడగలదని మంత్రి తృప్తిపడితేనే సహాయం ఇవ్వాలి అంది. 1929తో పోల్చి చూస్తే ఇది చాలా దూరం. వెస్ట్‌లాండ్, పెర్గావ్ లాంటివి ఈ సెక్షను కింద కష్టం. ఈ మేరకు ఇది మంచి చట్టమే. అయితే తృప్తి పడాల్సింది ఎవరు? మంత్రి. ఎవరి పేదరికమో వాళ్ళ తృప్తి గురించి చట్టంలో ఒక్క ముక్క లేదు.

సరిగ్గా అప్పుడే ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరుగుతోందో గుర్తు చేసుకుందాం. 1999లో చంద్రబాబు ప్రభుత్వం మెకిన్సీ చేత రాయించిన విజన్ 2020 వచ్చింది. వ్యవసాయం మీద బతికేవాళ్ళను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్నది అందులో లక్ష్యం. తగ్గేవాళ్ళు ఎవరు? భూమి ఉన్న రెడ్డీ, కమ్మా తగ్గరు గదా! సెంటు భూమి లేని మాల, మాదిగ కూలీలు, అరెకరం పట్టా ఉన్న ఆడవాళ్ళు తగ్గుతారు. ఆ ప్రభుత్వ సంస్కరణలకు పెద్ద ఊతం డిఎఫ్‌ఐడి. ప్రభుత్వరంగ సంస్థలను మూసెయ్యడానికీ అమ్మెయ్యడానికీ ఏర్పాటైన ఇంప్లిమెంటేషన్ సెక్రటేరియట్‌కు వాళ్ళ డబ్బుతో కన్సల్టెంట్లు వచ్చారు. లండన్‌లోని ఆడమ్ స్మిత్ పేరు పెట్టుకున్న సంస్థవాళ్ళు. ఆ సంవత్సరాల్లోనే సహకార నూలు మిల్లులు మూతపడ్డాయి. 2002లో నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది.

మన వాళ్ళకు దీని అర్థం వేరు. రాష్ట్ర ప్రభుత్వరంగ సంస్థల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6 శాతం ఉద్యోగాలు రిజర్వు. రాజ్యాంగం 16(4) అధికరణ ఇచ్చిన హక్కు. గుమాస్తా, ఫిట్టరు, వాచ్‌మన్ - మన కుటుంబాల్లో మొదటి నెల జీతం చూసిన తరం ఆ గేట్ల గుండా వెళ్ళిందే. ఒక సంస్థ అమ్ముడుపోతే కార్మికులందరికీ నష్టమే, దళితులకు ఉద్యోగంతోపాటు ఆ వాటా శాశ్వతంగా పోతుంది. ఈ నిర్ణయానికి కాగితాలు తయారుచేసిన మనిషి ఎవరు? బ్రిటిష్ సివిల్ సర్వెంట్ కాదు కాబట్టి లాంకెస్టర్‌లా పార్లమెంటు ముందు నిలబడే పని లేదు. మన ప్రభుత్వ ఉద్యోగి కాదు కాబట్టి ఇక్కడి సర్వీసు రూల్సు లేవు. అతను కాంట్రాక్టు మనిషి. కాంట్రాక్టులో అటు డిఎఫ్‌ఐడి, ఇటు కంపెనీ. 1961లో నైరోబీ ప్రభుత్వానికి తెల్ల ఆఫీసరు మీద ఉన్న అధికారం 2001లో బోధన్ చెరకు ఫ్యాక్టరీ కార్మికుడికి కాదు, హైదరాబాద్ సచివాలయానికి కూడా లేదు.

ఇక శాఖ సొంత ఆఫీసర్ల సంగతి. హైకమిషన్‌కు అనుబంధంగా వచ్చినవాళ్ళకు వియన్నా ఒప్పందం రక్షణ, మన పార్లమెంటు 1972లో చేసిన చట్టం దాన్ని ఇక్కడా అమలు చేస్తుంది. ఢిల్లీలో వాళ్ళు నియమించుకున్న భారతీయ సలహాదారుల మాటేమిటి? విదేశీ కార్యాలయం గదా, అక్కడ రిజర్వేషన్ వర్తించదు. ఏ ఇంటిపేర్లు ఎక్కువ ఉండేవో పాఠకులు ఊహించుకోవచ్చు.

అడిగే హక్కు చట్టంలో లేనివాళ్ళు అడిగిన సందర్భం కూడా ఒకటుంది. 2001 జూన్ చివరి వారంలో అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని ఆల్గోలులో 'ప్రజాతీర్పు' జరిగింది. జ్యూరీలో 19 మంది. ఎక్కువమంది దళిత, ఆదివాసీ, చిన్న రైతులు, మూడింట రెండొంతులకు పైగా ఆడవాళ్ళు. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి పి.బి. సావంత్ పర్యవేక్షక బృందానికి అధ్యక్షుడు. అధికారులు, కంపెనీలవాళ్ళు, శాస్త్రవేత్తలు సాక్షులుగా వచ్చి చెప్పారు, జ్యూరీ విన్నది, అడ్డు ప్రశ్నలు వేసింది. వ్యవసాయం నుంచి మమ్మల్ని తగ్గించే ప్రణాళిక వద్దు, జన్యుమార్పిడి విత్తనాలు వద్దు, కూలి పోగొట్టే యంత్రాలు వద్దు, విత్తనం మా చేతిలో ఉండాలి అని తీర్పు చెప్పింది. మరుసటేడు ఆ నివేదికను లండన్‌లోని ఐఐఈడీ, ససెక్స్‌లోని ఐడిఎస్ సంస్థలు అచ్చేశాయి. అందులో తమ పాత్రను చూపిన తీరు మీద డిఎఫ్‌ఐడి ఇండియా కార్యాలయం అభ్యంతరం చెప్పింది. ఆ రెండు సంస్థలకూ నిధులిచ్చేవాళ్ళలో డిఎఫ్‌ఐడి ఒకటి. నివేదిక పద్ధతి శాస్త్రీయమేనా, జ్యూరీ ఎంపిక సరైనదేనా అని నెలల తరబడి చర్చ నడిచింది. మెకిన్సీ ఎంపిక సరైనదేనా అన్న చర్చ మాత్రం ఆ స్థాయిలో జరిగినట్టు మేం ఎక్కడా చూడలేదు. 2002 చట్టం అమల్లోకొచ్చిందీ ఆ ఏడాది జూన్‌లోనే. పేదరికమే కొలబద్ద అన్న ఆ చట్టం కింద, పేదలిచ్చిన తీర్పుకు స్థానం లేదు.

ఆ తర్వాతి చట్టాలను కులం వైపు నుంచి చదవాలి. 2014లో లింగ సమానత్వ సవరణ వచ్చింది. సహాయమిచ్చే ముందు స్త్రీపురుషుల మధ్య అసమానత తగ్గించడం వాంఛనీయమన్న సంగతి మంత్రి దృష్టిలో పెట్టుకోవాలంది. బలహీనమైన వాక్యమే, అయినా చట్టంలో ఉంది, ఆఫీసరు ఫైలులో ఒక పేజీ రాయక తప్పదు. కులం గురించి అలాంటి వాక్యం లేదు. డిఎఫ్‌ఐడి 2005లో సామాజిక వెలి మీద విధాన పత్రం రాసింది, అందులో కులం ప్రస్తావన ఉంది, దాని ప్రకారం ఉత్తరాది రాష్ట్రాల్లో కొన్ని పథకాలూ నడిచాయి. కానీ విధానం వేరు, చట్టం వేరు. విధానాన్ని కొత్త మంత్రి ఒక్క సంతకంతో పక్కన పెట్టగలడు. స్వదేశంలోనే చూడండి. సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చాలని 2013లో పార్లమెంటు ప్రభుత్వాన్ని ఆదేశిస్తే, 2018లో ప్రభుత్వం ఆ పని చేయబోమని ప్రకటించింది. అక్కడి ఆధిపత్య కులాల హిందూ సంఘాలు కొన్ని గట్టిగా వ్యతిరేకించాయి. తమ వీధుల్లోని కులాన్నే చట్టంలో రాయనివాళ్ళు ఆల్గోలులోని కులాన్ని రాస్తారా?

2015 చట్టం మరీ ముచ్చటైనది. జాతీయాదాయంలో 0.7 శాతం సహాయానికి ఇవ్వాలని మంత్రికి విధి పెట్టింది. పెడుతూనే మూడో సెక్షనులో, ఈ విధి విషయంలో జవాబుదారీతనానికి పార్లమెంటు ముందు ఒక ప్రకటన పెట్టడమే ఏకైక మార్గమని రాసుకుంది. అంటే కోర్టుకు పోవద్దని. పెర్గావ్ నుంచి నేర్చుకున్న పాఠం ఇదేనని మా అంచనా. 2020 సెప్టెంబరులో డిఎఫ్‌ఐడిని మళ్ళీ విదేశాంగ శాఖలో కలిపేశారు. 2021లో 0.7ను 0.5 చేశారు, ఆ జూలైలో పార్లమెంటు 333-298 ఓట్లతో దాన్ని ఖాయం చేసింది. 2025 ఫిబ్రవరిలో లేబర్ ప్రధానే 2027 నాటికి 0.3కు దించుతామన్నాడు, సైన్యం ఖర్చు కోసం. 0.7 చట్టం మాత్రం రద్దు కాలేదు, పుస్తకంలో అలాగే ఉంది.

మన దేశానికి గ్రాంటు సహాయం 2015తో ఆపేశారు కాబట్టి ఈ చర్చ పాతబడిందనుకునేవాళ్ళున్నారు. 1948లో పెట్టిన కలోనియల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌ను గుర్తు చేస్తాం. 1963లో అందులో కలోనియల్ తీసి కామన్వెల్త్ పెట్టారు. 1999 చట్టంతో అది లిమిటెడ్ కంపెనీ అయింది, 2022లో బ్రిటిష్ ఇంటర్నేషనల్ ఇన్వెస్ట్‌మెంట్ అని పేరు మార్చుకుంది. మూలధనం బ్రిటన్ సహాయ పద్దుదే. అది ఎక్కువగా పెట్టుబడి పెట్టే దేశాల్లో మనదీ ఒకటి. బ్యాంకులు, ఆస్పత్రులు, విద్యుత్ కంపెనీలు. అక్కడి ఉద్యోగి సివిల్ సర్వెంటూ కాదు, కన్సల్టెంటూ కాదు, కంపెనీ మేనేజరు. అతను డబ్బు పెట్టిన ఆస్పత్రిలో, విద్యుత్ ప్లాంటులో 16(4) లేదు. ఆ కంపెనీల్లో దళిత ఉద్యోగులు ఎందరో చెప్పమని అడగడానికి మన సమాచార హక్కు చట్టం అక్కడికి చేరదు. బ్రిటన్‌లో 2000లో వచ్చిన సమాచార స్వేచ్ఛా చట్టం కింద దరఖాస్తు పెట్టాలంటే ఆ దేశ పౌరసత్వం అక్కర్లేదు, లండన్‌కు ఒక ఉత్తరం చాలు.